2002 హోండా ఎస్2000కి ట్రాక్షన్ కంట్రోల్ పెట్టించాలా? నా అనుభవం

మా డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు కొదవ లేదు. ఉద్యోగంలో కాస్త కుదురుకోగానే ఇంటి ముందుకు మస్టాంగో కమారోనో వచ్చేస్తుంది. నేను చాలాకాలం ఆగి పాత హోండా ఎస్2000 కొన్నాను. 2002 మోడల్. రెండే సీట్లు, మడిచి వెనక్కి నెట్టే టాపు, వెనక చక్రాలకు పవర్. 2 లీటర్ల ఇంజను టర్బో లేకుండానే 240 హార్స్‌పవర్ ఇస్తుంది, 9000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది గానీ ట్రాక్షన్ కంట్రోల్ లేదు, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. హోండా వాళ్లు వీఎస్ఏ అని పిలిచే ఆ సదుపాయం అమెరికా ఎస్2000లకు 2006 మోడల్‌తోనే వచ్చింది.

ఈ బండి తెలిసినవాళ్లు ఎవరైనా మొదట చెప్పే మాట ఒకటే: "జాగ్రత్త, వెనక భాగం చెప్పాపెట్టకుండా తిరిగిపోతుంది." అది ఊరికే పుట్టిన మాట కాదు. 2004లో హోండా వాళ్లే వెనక సస్పెన్షన్ మార్చి, 16 అంగుళాల చక్రాల చోట 17 అంగుళాలవి, వెడల్పు టైర్లు ఇచ్చారు. నా బండి కూడా ఒక వాన రోజు హైవే ఎక్కే ర్యాంపు మీద వెనక నుంచి పక్కకు జరిగింది. స్టీరింగ్ సర్దితే సర్దుకుంది, ఏమీ కాలేదు. కానీ పక్కసీట్లో మా ఆవిడ ఉంది. ఇంటికొచ్చాక ఆమె అడిగింది: "ఇప్పటి కార్లన్నిటికీ ఉండేదేదో దీనికి మనం విడిగా పెట్టించుకోలేమా?"

సమాధానం కోసం వెతకడం మొదలుపెట్టాక మొదట తెలిసింది, ఆమె అడిగింది ఒకటి, బజార్లో దొరికేది ఇంకొకటి అని.

ట్రాక్షన్ కంట్రోల్ చూసేది ఒక్కటే. ఇంజను తిప్పే చక్రాలు బండి వేగాన్ని మించి తిరుగుతున్నాయా? తిరుగుతుంటే ఇంజను బలం తగ్గిస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేవైతే అవసరాన్ని బట్టి ఆ చక్రానికి బ్రేకు కూడా వేస్తాయి. స్టెబిలిటీ కంట్రోల్ పని వేరు. మనం స్టీరింగ్ ఎంత తిప్పాం, బండి నిజంగా ఎంత తిరుగుతోంది అని పోల్చుకుంటూ ఉంటుంది. తేడా కనబడగానే నాలుగింటిలో ఏదో ఒక చక్రానికి తనే బ్రేకు వేసి బండిని దారిలోకి తెస్తుంది. దీనికి బండి తిరిగే వేగాన్ని కొలిచే యా సెన్సర్, స్టీరింగ్ కోణం చెప్పే సెన్సర్, మన కాలు పెడల్ మీద లేకపోయినా బ్రేకు ఒత్తిడి పుట్టించగల హైడ్రాలిక్ యూనిట్, అన్నీ కావాలి. బాష్, మెర్సిడెస్ కలిసి 1995లో ఎస్ క్లాస్ కూపేతో దీన్ని రోడ్డు మీదికి తెచ్చాయి. అమెరికాలో 2012 మోడల్ నుంచి కార్లన్నిటికీ తప్పనిసరి. అలాంటిది పాత ఎస్2000కి విడిగా కొని తగిలించే కిట్టు నాకు ఎక్కడా కనబడలేదు. దొరికేవన్నీ ట్రాక్షన్ కంట్రోల్ పెట్టెలే, అవీ ఇంజను వైపు నుంచి మాత్రమే పనిచేసేవి.

ఇక్కడే ఒక మాట. మీది 2012 తర్వాతి కారైతే మిగతాది సరదాకి చదవండి, మీకు ఏ పెట్టే అక్కర్లేదు. డాష్‌బోర్డు మీది ఆఫ్ బటన్ జోలికి రోడ్డు మీద వెళ్లకుండా ఉంటే చాలు.

విడిగా దొరికేవాటిలో మూడు దారులున్నాయి. ఒకటి, బ్రిటన్ కంపెనీ రేస్‌లాజిక్ పేరు తెచ్చిన పద్ధతి: ఏబీఎస్ సెన్సర్ల నుంచి నాలుగు చక్రాల వేగం చదివి, వెనకవి ఎక్కువ తిరగగానే పెట్రోలు చిమ్మే ఒక్కో ఇంజెక్టర్‌ను క్షణకాలం ఆపేస్తుంది. రెండోది డ్రాగ్ రేసింగ్ వాళ్లది. డేవిస్ టెక్నాలజీస్ పేరు అక్కడ బాగా వినిపిస్తుంది. ముందు చక్రాలతో పోల్చరు. ఆర్‌పీఎం ఉండాల్సినదాని కన్నా వేగంగా ఎగబాకితే చక్రం జారినట్టే లెక్కగట్టి ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతారు, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా వచ్చేలా చేస్తారు. తిన్నగా పోయే పావు మైలుకి అది బాగుంటుంది. మలుపులున్న రోడ్డుకి నాకు నచ్చలేదు. మూడోది, ఇంజనును నడిపే కంప్యూటర్, అంటే ఫ్యాక్టరీ ఈసీయూ తీసేసి మోటెక్, హాల్‌టెక్, లింక్ లాంటి కంపెనీల పూర్తి ఈసీయూ పెట్టుకోవడం. వాటిలో ట్రాక్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది, చక్రాల వేగం లోపలికి ఇస్తే చాలు.

మూడోదాని మీద నాకు మోజు ఉండేది. టెక్సస్ ఎమిషన్ టెస్ట్ (పొగ పరీక్ష) దానికి అడ్డుపడింది. డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ పోర్టుకు వాళ్ల మెషీన్ కలుపుతారు. ఫ్యాక్టరీ ఈసీయూ లేకపోతే ఆ మెషీన్‌కి జవాబిచ్చేవాళ్లుండరు, బండి ఫెయిల్. రోజూ రోడ్డెక్కే బండికి అది కుదరని పని. సరే, మొదటి రకం పెట్టెకి ఒక షాపులో ఎస్టిమేట్ అడిగాను. పెట్టె, వైరింగ్, కూలీ కలిపి రెండు వేల డాలర్ల పైమాటే. ఆ డబ్బు పెట్టే ముందు అసలు నా బండికి ఆ రోగం ఉందా లేదా తెలియాలి కదా అనిపించి కాగితం, పెన్ను తీశాను.

ఎస్2000 ఇంజను గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 207 న్యూటన్ మీటర్లు, అదీ 7500 ఆర్‌పీఎం దగ్గర. రెండో గేరు నిష్పత్తి 2.045, ఫైనల్ డ్రైవ్ 4.10. గేర్‌బాక్స్‌లో ఇంకో 1.16 రిడక్షన్ ఉంది. అన్నీ హెచ్చవేస్తే వెనక ఇరుసు దగ్గర దాదాపు 2010 న్యూటన్ మీటర్లు. టైరు వ్యాసార్థం 0.315 మీటర్లతో భాగిస్తే నేలను వెనక్కి తన్నే బలం 6400 న్యూటన్ల దగ్గర తేలుతుంది. ఇప్పుడు టైరు ఎంత పట్టగలదో చూద్దాం. బండి, నేను కలిపి 1350 కిలోలు. సగం వెనక, గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కినప్పుడు ఇంకొంచెం బరువు వెనక్కి వస్తుంది, 750 కిలోలు అనుకుందాం. మంచి టైరు పొడి రోడ్డు మీద తన మీద పడిన బరువుకి సమానమైన బలాన్ని పట్టగలదనుకుంటే అది 7300 న్యూటన్ల పైన. అంటే తిన్నటి పొడి రోడ్డు మీద రెండో గేరులో ఎంత తొక్కినా ఈ బండి టైరు విడిపించుకోలేదు. మొదటి గేరులో విడిపించుకుంటుంది. వానలో పట్టు మూడింట రెండొంతులకు పడిపోతే రెండో గేరులోనూ జారుతుంది, మూడో గేరు అంచు మీద ఉంటుంది.

ఇది తిన్నటి రోడ్డు లెక్క. మలుపులో టైరు పట్టును పక్కకీ ముందుకీ పంచుకోవాలి. 80 శాతం పక్కకు వాడేస్తే ముందుకు మిగిలేది 60 శాతం. (20 కాదు, రెండూ లంబ దిశలు కాబట్టి వర్గాల లెక్క.) 7300లో 60 శాతం 4400. రెండో గేరు ఇచ్చే 6400 దాన్ని సులువుగా దాటేస్తుంది. కాబట్టి కాగితం ప్రకారం పెట్టె దండగ అని తేలలేదు. రెండో గేరు మలుపు బయటికి వచ్చేటప్పుడు, వానలో, దానికి పని ఉంది. నా బండి నిజంగా జారేది ఆ సందర్భాల్లోనేనా అన్నది చూడాలి.

దానికోసం డేటా లాగర్ పెట్టాను. జీపీఎస్ వేగం, బండి తిరిగే వేగం, పక్కకు లాగే బలం అదే కొలుస్తుంది. థ్రాటిల్ సెన్సర్ వైరు నుంచి ఒక కొమ్మ తీసి దానికి కలిపితే గ్యాస్ ఎంత తొక్కామో కూడా అదే గీతల కింద పడుతుంది. ఫోర్ట్‌వర్త్ అవతల క్రెసన్‌లో మోటార్‌స్పోర్ట్ ర్యాంచ్ అనే ట్రాక్ ఉంది, సొంత బండిని ట్రాక్ మీద నడపనిచ్చే ట్రాక్ డేలకు నేను వెళ్లేది అక్కడికే. మధ్యాహ్నం అక్కడి డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్, నేను కలిసి షెడ్డు నీడలో లాప్‌టాప్ తెరిచి బండి జారిన చోట్లన్నీ ఒక్కొక్కటి పెద్దది చేసి చూశాం. ఆయన వేలు పెట్టి చూపించిన గీత నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. థ్రాటిల్ గీత నిబ్బరంగా 60 శాతం దగ్గర పోతోంది, ఒక్కసారిగా సున్నాకి పడింది, ఆ తర్వాత అర సెకను లోపు బండి తిరిగే వేగం గీత నిట్టనిలువుగా లేచింది. ఇంకో జారుడు తెరిస్తే అదే వరస. మరొకటి, బ్రేకు మీద ఉండి గేరు తగ్గించినప్పుడు. గ్యాస్ పెరిగి వెనక చక్రాలు గిర్రున తిరిగిన సందర్భాలు లేకపోలేదు గానీ, అవి నెమ్మదిగా మొదలయ్యాయి, కాలు కాస్త సడలిస్తే సర్దుకున్నాయి. గుండె ఝల్లుమనిపించినవన్నీ గ్యాస్ మూసినప్పటివే.

కారణం కష్టమైనదేమీ కాదు. మలుపు మధ్యలో గ్యాస్ వదిలేస్తే బరువు ముందుకు పోతుంది, వెనక టైర్ల మీద బరువు తగ్గుతుంది, పట్టు తగ్గుతుంది. దానికి తోడు ఇంజను వెనక చక్రాలను బిగబట్టి లాగుతుంది. 2004కి ముందటి ఎస్2000ల వెనక సస్పెన్షన్‌లో ఇంకో గుణం ఉంది. చక్రం పైకీ కిందికీ కదిలేకొద్దీ అది చూసే దిక్కు కొంచెం మారుతుంది. 2004లో హోండా తగ్గించింది ఈ మార్పునే. ఇవన్నీ ఒకేసారి కలిస్తే తోక తిరుగుతుంది. ఇందులో ట్రాక్షన్ కంట్రోల్ చేయగలిగేది ఏముంది? దాని చేతిలో ఉన్నది ఇంజను బలం తగ్గించడమే. మనం పూర్తిగా మూసేసిన గ్యాస్‌ను అది ఇంకేం మూస్తుంది?

నా వరకు తీర్పు ఆ షెడ్డులోనే వచ్చేసింది. పెట్టె కోసం దాచిన డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా ఆ ఇన్‌స్ట్రక్టరే చూపించారు. వంగి వెనక టైరు పక్కన వేలితో దుమ్ము తుడిచి, టైరు ఎప్పుడు తయారైందో చెప్పే డాట్ నంబరు చదివారు. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. బండితో పాటు వచ్చిన ఆ టైర్లకు గాడులు నిండుగా ఉన్నాయి, చూడ్డానికి కొత్తవిలా ఉన్నాయి, కానీ తయారై పదేళ్లు దాటింది. గోరుతో నొక్కితే దిగలేదు. ర్యాంపు మీద ఆ వాన రోజు సగం కథ ఆ గట్టిపడిన రబ్బరుదే అని నా నమ్మకం.

నాలుగు కొత్త టైర్లు వేయించాను. రేసు టైర్లు కాదు, వానలోనూ పనికొచ్చే మంచి సమ్మర్ టైర్లు. ఈ రకం టైర్లు చలికి బిగుసుకుపోతాయి, 7 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి దిగితే మెల్లగా పోవాలి. డాలస్‌లో జనవరి పొద్దుటిపూట ఇది గుర్తుంచుకోవాల్సిన విషయమే. తర్వాత అలైన్‌మెంట్, అంటే చక్రాలు చూసే దిక్కు సరిచేయడం. పాత ఓనరు బండిని కిందికి దించే స్ప్రింగులు వేయించాడు. మెషీన్ మీదికి ఎక్కిస్తే వెనక ఒక చక్రం లోపలికి చూడాల్సింది కొంచెం బయటికి చూస్తోంది. వెనక చక్రాలు లోపలికి చూస్తుంటే బండి తిన్నగా నిలబడుతుంది, బయటికి చూస్తే తిరగడానికి ఎదురుచూస్తూ ఉంటుంది. ఫ్యాక్టరీ స్ప్రింగులు సంపాదించి వేయించి, మళ్లీ అలైన్‌మెంట్ చేయించాను. ఈ ఒక్క పనితో గతుకుల కాంక్రీటు హైవే మీద బండి స్వభావమే మారిపోయింది. స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని కూర్చునే అవసరం పోయింది.

మిగిలిన డబ్బు తడి నేల మీద నేర్పే క్లాసుకి పెట్టాను. ఖాళీ తారు మైదానంలో నీళ్లు చల్లి, కోన్ల చుట్టూ గుండ్రంగా తిప్పిస్తారు. వేగం సైకిలు కన్నా కాస్త ఎక్కువ, అంతే. గ్యాస్ ఒక్కసారిగా వదిలితే వెనక భాగం ఎలా తిరుగుతుందో, వేళ్లతో తీసినట్టు మెల్లగా వదిలితే ఎలా నిలబడుతుందో ఒంటికి తెలుస్తుంది. చూపు ఎటుంటే చేతులు అటే పోతాయి అని వాళ్లు ఊరికే చెప్పరు. ఎస్2000 ఉన్న ప్రతి ఒక్కరూ ఈ క్లాసుకి వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను.

ఇంతవరకు చదివి ట్రాక్షన్ కంట్రోల్ పనికిరాదంటున్నానని అనుకోవద్దు. పనికొచ్చే బండి ఎలా ఉంటుందో కూడా దగ్గరుండి చూశాను. గుంటూరు వైపు అన్న ఒకాయన ఇక్కడే ఉంటాడు, ఆయనదీ నా మోడల్ ఎస్2000నే, కానీ ఇంజనులోకి గాలిని బలంగా తోసి బలం పెంచే సూపర్‌చార్జర్ వేసిన బండి. ట్రాక్‌కే వాడతాడు, ట్రైలర్ మీద తీసుకెళ్తాడు, కాబట్టి ఎమిషన్ గొడవ లేదు, పూర్తి ఈసీయూ పెట్టేశాడు. టార్క్ 330 న్యూటన్ మీటర్ల దాకా ఉంది. పైన వేసిన లెక్కే వేస్తే రెండో గేరులో 10,000 న్యూటన్లు దాటుతుంది, టైరు పట్టేదేమో 7300. మూడో గేరులోనే రెండూ సమానమవుతాయి. తిన్నటి పొడి రోడ్డు మీద రెండో గేరులో పూర్తిగా తొక్కితే టైరు ఓడిపోయే బండి అది.

"తమ్ముడూ, వైరింగ్‌కి ఒక చెయ్యి వెయ్యి" అంటే శనివారం ఆయన గ్యారేజ్‌కి వెళ్లాను. ఏబీఎస్ యూనిట్ దగ్గర నాలుగు చక్రాల సెన్సర్ల వైర్ల నుంచి కొమ్మలు తీసి ఈసీయూకి తేవాలి. చెప్పినంత తేలిక కాదు. ఈ పాత రకం సెన్సర్లకు విడిగా కరెంటు ఉండదు. పళ్ల చక్రం ఎదురుగా తిరుగుతుంటే అయస్కాంతం పుట్టించే చిన్న వోల్టేజే వాటి సంకేతం. బండి మెల్లగా పోతే ఆ వోల్టేజ్ ఇంకా చిన్నది. మామూలు వైరు వాడితే ఇగ్నిషన్ కాయిల్స్ నుంచి వచ్చే గోల అందులో కలిసిపోయి, కదలని చక్రం కూడా తిరుగుతున్నట్టు స్క్రీన్ మీద అంకెలు ఎగిరాయి. మెలిపెట్టిన, పైన షీల్డ్ ఉన్న వైరు వేసి, షీల్డ్‌ను ఒక చివరే ఎర్త్ చేశాక అంకెలు కుదురుగా నిలిచాయి. ఏబీఎస్ లైటు వెలగకుండా ఉండటం కూడా చూసుకోవాలి. బ్రేకుల జోలికి పోయి ట్రాక్షన్ తెచ్చుకోవడంలో అర్థం లేదు.

ఆ తర్వాత టైర్ల సైజు. ముందు 215/45 ఆర్17, వెనక 255/40 ఆర్17 వేశాడు. లెక్కగడితే వెనక టైరు వ్యాసం 1.7 శాతం పెద్దది. జారుడు హద్దు (వెనక చక్రాలను ముందువాటికన్నా ఎంత ఎక్కువ తిరగనివ్వాలన్నది) 10 శాతం దగ్గర పెట్టుకునే చోట ఇది చిన్న తేడా కాదు. వెనక టైర్లు అరిగేకొద్దీ అదీ మారుతుంది. తిన్నటి రోడ్డు మీద క్లచ్ నొక్కి బండిని ఊరికే దొర్లనిచ్చి, ముందు వెనక వేగాలు సమానం చూపేలా సరిచేశాం.

ట్రాక్ మీద మొదట హద్దు 5 శాతం పెట్టి చూశాం. మలుపు దాటాక ఇంజను గొంతు నొక్కేసినట్టు టపటపమంటూ నత్తనడక నడిచింది. టైరు తన బలమంతా చూపించాలంటే కొంత జారుడు దానికి కావాలి. కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే 10 శాతం దాటాక బండి నిండుగా లాగింది. పక్కసీట్లో కూర్చుని చూశాను. అంతకుముందు మలుపు మలుపుకీ స్టీరింగ్‌తో కుస్తీ పట్టే మనిషి, ఆ రోజు కాలు తొక్కి చేతులు తిన్నగా పెట్టుకుని వచ్చాడు. వెనక టైర్లు కూడా రోజంతా నిలిచాయి. ఫార్ములా వన్‌లో 2008 నుంచి దీన్ని నిషేధించారంటే ఎందుకో అప్పుడు అర్థమైంది. బలం పట్టును మించిన బండికి ఇది నిజంగా వేగం ఇస్తుంది.

ఈ పెట్టెలు ఇంజను బలం తగ్గించే పద్ధతి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లు దీన్ని అడగరు. ఇగ్నిషన్ ఆపితే కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది. ఇగ్నిషన్ వెనక్కి జరిపితే ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. కన్వర్టర్ ఉన్న రోడ్డు బండికి ఇంజెక్టర్లు ఆపేదే మేలు. పోటీలకు వెళ్లేవాళ్లు కొనే ముందే తమ క్లాస్ రూల్‌బుక్ చూసుకోవాలి, ఫ్యాక్టరీలో లేని ట్రాక్షన్ కంట్రోల్‌ను ఒప్పుకోని క్లాసులున్నాయి. బండికి చేసిన మార్పులు ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పడం కూడా మర్చిపోవద్దు.

మా ఆవిడకు ఇదంతా చెప్పాను. టైర్లు, అలైన్‌మెంట్ తర్వాత వాన రోజున అదే ర్యాంపు మీద తీసుకెళ్లాను కూడా. "ఇప్పుడు భయం వేయట్లేదు, కానీ వానైతే నా కారులోనే పోదాం" అంది. అదీ న్యాయమే, ఆమె కారుకి స్టెబిలిటీ కంట్రోల్ ఉంది.

అన్న బండిలో కూర్చున్నప్పటి నుంచి ఆ సూపర్‌చార్జర్ కిట్టు మీద నాకూ కన్నుంది. అది వేయించాలంటే మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న ఈసీయూని ఆ ఖర్చులో మొదటి పద్దుగా రాసుకుంటాను, తర్వాత చూద్దాం అనను. అప్పుడిక బండి రోడ్డు మీద తిరగడానికి వీల్లేదు, ట్రైలర్ కొనాలి, దాన్ని పెట్టుకోవడానికి చోటు కావాలి. అందుకని ప్రస్తుతానికి 240 హార్స్‌పవర్‌తోనే క్రెసన్ వెళ్లొస్తున్నాను.